గోదావరి ప్రేమకథల్లో ఏది చూడాలి? ఇద్దరి మధ్య ఉన్న అడ్డును బట్టి ఒక పోలిక

సంక్రాంతికి కూతుళ్ళూ అల్లుళ్ళూ మనవలూ దిగిన ఇంట్లో, కనుమ నాటి భోజనాలు ముగిశాక, "మన గోదావరి ప్రేమకథ ఏదైనా పెట్టండి" అనడం తేలికే గాని, ఆ మాటకు సరిపోయే సినిమాను ఎంచడం అంత తేలిక కాదు. 1964 నాటి 'మూగమనసులు' మొదలుకొని 2024 నాటి 'అంబాజీపేట మ్యారేజి బ్యాండు' దాకా, ఈ అరవై ఏళ్ళలో గోదావరి పేరు చెప్పుకొని వచ్చిన ప్రేమకథలు చాలా ఉన్నాయి. కొబ్బరిచెట్లు, లాంచీ, వెన్నెల, వెటకారం అంటూ వాటన్నిటినీ ఒకే గాటన కట్టేయడం మనకు అలవాటైపోయింది. తీరా చూడబోతే వాటిలో ఒకటి వితంతువైన అమ్మాయి చుట్టూ అల్లిన విషాదం, ఒకటి ఇంట్లో ఇల్లాలు ఉన్న కవి కథ, ఒకటి నవ్విస్తూ సాగే ప్రయాణం, మరొకటి పరువు పేరిట జరిగే హింస. పాటలు బాగుంటాయన్న ఒక్క భరోసాతో ఏదో ఒకటి పెట్టేస్తే, గంట గడిచేసరికి పిల్లలు లేచి వెళ్ళిపోవడమో, పెద్దలు ఇబ్బందిగా కదలడమో జరుగుతుంది.

ఏది ఎవరికి సరిపోతుందో చెప్పడానికే ఈ పోలిక. ముగింపులు బయటపెట్టకుండా ఉండడానికి ప్రయత్నించాను. 'మూగమనసులు' విషయంలో మాత్రం అది కుదరదు, ఎందుకంటే జరగబోయేది ఏమిటో ఆ సినిమాయే మొదట్లో చెప్పేస్తుంది.

## ఎంచుకునే ముందు చూసుకోవలసినవి

ప్రేమకథలను మనం సాధారణంగా ముగింపును బట్టి విడదీస్తాం. ఇద్దరూ కలిస్తే ఒక రకం, కలవకపోతే ఇంకో రకం. ఎంపికకు ఈ విభజన పెద్దగా పనికిరాదని నా అభిప్రాయం. ముగింపు ఏదైనా అది చివరి పది నిమిషాల వ్యవహారం, అంతవరకూ మనల్ని కూర్చోబెట్టేది ఆ ఇద్దరి మధ్య ఉన్న అడ్డు. అడ్డు కులమైతే కథ ఊరి గురించి మాట్లాడుతుంది. అడ్డు ఆ ఇద్దరి అహమే అయితే కథ వాళ్ళ సంభాషణల్లో నడుస్తుంది. అడ్డు అప్పటికే జరిగిపోయిన పెళ్ళి అయితే, తెర మీద ఎక్కువగా కనిపించని మూడో మనిషి బాధ కూడా మనం మోయవలసి వస్తుంది. ఈ సాయంత్రం మనం దేనికి సిద్ధంగా ఉన్నామన్నదే అసలు ప్రశ్న.

రెండవది, కథలో నది చేసే పని. రాజమండ్రి దగ్గర రోడ్డు మీదుగా గోదావరి దాటడానికి 1974లో రోడ్డు–రైలు వంతెన వచ్చేదాకా వీలు లేదు. కాబట్టి 1964 నాటి సినిమాలో పడవ అంటే రోజువారీ అవసరం, పడవవాడు అంటే అందరికీ తెలిసిన మనిషి. 2006 నాటి 'గోదావరి'కి వచ్చేసరికి లాంచీ అంటే సెలవు, సరదా, పెళ్ళివారి ప్రయాణం. 2021లో వచ్చిన 'ఉప్పెన'లో పడవ మళ్ళీ బతుకుతెరువుగా కనిపిస్తుంది, కానీ అది నది మీద కాదు, సముద్రం మీద. పడవ పాత అర్థం డెల్టాలో పూర్తిగా పోలేదని చూడాలనుకునేవారు నరసాపురం, సఖినేటిపల్లి మధ్య గోదావరి పాయ వశిష్ఠను దాటే పంటు ఎక్కవచ్చు. మోటారు సైకిళ్ళు ఒకదాని పక్కన ఒకటి ఒరిగి నిలబడి, వాటి సందుల్లో కొబ్బరికాయల బస్తాలు, బడి సంచులు, గంపలు సర్దుకొని, అవతలి రేవు వచ్చేలోగా ఊరి కబుర్లన్నీ చేతులు మారిపోతాయి. అటువంటి ప్రయాణంలో ఒక అమ్మాయి, ఒక అబ్బాయి రోజూ ఎదురుపడితే ఊరు ఏమనుకుంటుందో తెలిసినవారికి 'మూగమనసులు' వెంటనే అర్థమవుతుంది.

మూడవది, నేల. ధవళేశ్వరం ఆనకట్ట దిగువన నది గౌతమిగా, వశిష్ఠగా చీలిన తరువాతే డెల్టా మొదలవుతుంది. సినిమాల్లో మనం 'గోదావరి అందాలు' అని మురిసిపోయే పాపికొండలు, పట్టిసీమ ఎగువన ఉన్నాయి. కాలువ గట్లు, రేవులు, కొబ్బరితోటలు, వరిచేల మధ్య పెంకుటిళ్ళు చూడాలనుకుంటే ఎంచుకోవలసిన సినిమాలు వేరు, కొండల నడుమ లాంచీ వెళ్ళే దృశ్యాలు కావాలంటే వేరు.

నాలుగవది మాట. ప్రతి వాక్యం చివర 'ఆయ్' తగిలిస్తే గోదావరి యాస వచ్చేసినట్టు భావించే సినిమాలు ఈ మధ్య ఎక్కువయ్యాయి. ఇక్కడివాళ్ళు ఎదుటివారికి మర్యాద తగ్గకుండానే చురక అంటించగలరు. ఆ పొందిక కుదిరిన సంభాషణలు రాయగలిగినవారు కొద్దిమందే.

పాటలను కొలమానంగా తీసుకోలేదు. దిగువ చెప్పిన సినిమాల్లో ఎక్కువ వాటికి మంచి పాటలున్నాయి, అందువల్ల అవి ఎంపికకు సాయపడవు.

| సినిమా, ఏడాది | ఇద్దరి మధ్య అడ్డు | బరువు | ఎవరితో చూడవచ్చు |
|---|---|---|---|
| మూగమనసులు, 1964 | హోదా, ఊరి నోరు | చాలా ఎక్కువ | పెద్దలతో, లేదా ఒంటరిగా |
| అందాల రాముడు, 1973 | అంతస్తు, ఆరంభంలోని అపార్థం | తక్కువ | ఇంటిల్లిపాదితో |
| మేఘసందేశం, 1982 | పెళ్ళి | ఎక్కువ | నడివయసు దంపతులు |
| సితార, 1984 | అన్న అభిమానం, పాత పరువు | మధ్యస్థం | సంగీతం ఇష్టపడేవారు |
| ఏప్రిల్ 1 విడుదల, 1991 | హీరో అబద్ధాలు | తక్కువ | ఎవరితోనైనా |
| గోదావరి, 2006 | ఎవరి పంతం వారిదే | తక్కువ | కొత్త జంటలు, స్నేహితులు |
| శతమానం భవతి, 2017 | దూరం, పిల్లలకు తీరిక లేకపోవడం | తక్కువ | మూడు తరాలు కలిసి |
| ఉప్పెన, 2021 | కులం, తండ్రి పరువు పిచ్చి | చాలా ఎక్కువ | పెద్దవారు మాత్రమే |
| అంబాజీపేట మ్యారేజి బ్యాండు, 2024 | కులం, డబ్బు | ఎక్కువ | యువత, మాట్లాడుకునే అలవాటున్న కుటుంబాలు |

పట్టికలో 'బరువు' అన్నది సినిమా ముగిశాక మనసులో మిగిలేదాని గురించే గాని నాణ్యత గురించి కాదు.

## హోదా అడ్డు నిలిచిన కథలు

ఆదుర్తి సుబ్బారావు తీసిన 'మూగమనసులు'లో గోపి (అక్కినేని నాగేశ్వరరావు) పడవ నడిపేవాడు, రాధ (సావిత్రి) జమీందారు కూతురు, గౌరి (జమున) గోపిని ఇష్టపడే ఊరి పిల్ల. కొత్తగా పెళ్ళైన జంట గోదావరి మీద ప్రయాణిస్తుండగా గత జన్మ జ్ఞాపకానికి రావడం, ముసలిదైపోయిన గౌరి నోట ఆ కథ మనకు తెలియడం దీని నిర్మాణం. అంటే ఆ ఇద్దరూ ఆ జన్మలో బతకలేదన్నది తెలిసే మనం కూర్చుంటాం. ఇక మిగిలేది ఎలా జరిగిందన్న ఉత్కంఠ కాదు, ఎందుకు జరగనిచ్చారన్న బాధ.

ఈ సినిమాను నేటి ప్రేక్షకులకు సూచించేటప్పుడు ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఇందులో గోపి, రాధ ఒకరితో ఒకరు ప్రేమిస్తున్నామని చెప్పుకోరు. అతనికి ఆమె ఎప్పుడూ అమ్మాయిగారే. ఆమెకు పెళ్ళవుతుంది, భర్త పోతాడు, తిరిగి పుట్టింటికి చేరుతుంది. అప్పటికీ ఆ ఇద్దరి మధ్య ఉన్నదానికి వాళ్ళు పేరు పెట్టరు, పేరు పెట్టే పని ఊరు చేస్తుంది. ఈ మౌనం నేటి కుర్రవాళ్ళకు నిదానంగా, కొందరికి అసహజంగా అనిపించవచ్చు. కానీ ఒకరి ఇంటి గడప ఇంకొకరు దాటడానికి వీల్లేని కాలంలో, రోజూ ఒకే పడవలో కూర్చోవడం ఎంత పెద్ద చనువో గుర్తుంచుకొని చూస్తే ఆ నిదానమే బలంగా మారుతుంది. గౌరి పాత్రను మాత్రం చాలామంది తేలికగా తీసుకుంటారు. నా దృష్టిలో ఈ కథలో ఎక్కువ నష్టపోయినది ఆమె. మిగతా ఇద్దరికీ మరుజన్మ దొరికింది, ఆమెకు దొరికింది ఆ కథ చెప్పే పని ఒక్కటే. హిందీలో ఆదుర్తి స్వయంగా తీసిన 'మిలన్' (1967)లో కూడా ఆ పాత్ర జమునకే దక్కిందంటే దాని విలువ తీసినవారికి తెలిసిందనే అనుకోవాలి.

నలుపు–తెలుపు చిత్రమంటే మొహం తిప్పుకొనే పిల్లలున్న ఇంట్లో ఇది పెట్టకండి. అమ్మమ్మలకు మాత్రం ఇదే పెట్టాలి.

ఇదే అడ్డుకు మరో రూపం 'సితార'. పసలపూడికి చెందిన వంశీ తన 'మహల్లో కోకిల' నవలను తానే 1984లో తెరకెక్కించారు. ఆస్తి కరిగిపోయినా అభిమానం కరగని జమీందారీ మహల్లో అన్న చాటున పెరిగిన అమ్మాయి, బయట ఆడిపాడి బతికే కళాకారుడు, వీరిద్దరి కథ అది. ఇక్కడ అడ్డు డబ్బు కాదు, డబ్బు పోయాక మిగిలిన పరువు. ఈ డెల్టాలో పాత లోగిళ్ళు చూసినవారికి ఆ అన్న కొత్త కాడు. ఇళయరాజా సంగీతానికి, 'వెన్నెల్లో గోదారి అందం' పాడినందుకు ఎస్. జానకికి వచ్చిన జాతీయ పురస్కారానికి ఈ సినిమా ఎక్కువ గుర్తుండిపోయింది. కథ మధ్యలో సినిమా పరిశ్రమలోకి వెళ్ళి అక్కడ కొంత తిరుగుతుంది, ఆ భాగంలో ఓపిక కావాలి.

## తమకు తామే అడ్డైన కథలు

ప్రేమకథ కావాలి గాని ఏడుపు వద్దనుకునేవారు ఎంచుకోవలసినవన్నీ ఈ వరుసలో ఉన్నాయి.

శేఖర్ కమ్ముల 'గోదావరి'లో శ్రీరాం (సుమంత్) అమెరికాలో చదువుకొని వచ్చి రాజకీయాల్లో చేరాలనుకుంటాడు, ఏ పార్టీ అతన్ని చేర్చుకోదు. మరదలు రాజిని పెళ్ళాడాలనుకుంటాడు, ఆమె పెళ్ళి మరొకరితో కుదురుతుంది. సీతామహాలక్ష్మి (కమలినీ ముఖర్జీ) హైదరాబాదులో బొతిక్ నడపాలని చూసి విసిగిపోతుంది. రాజమండ్రి నుంచి భద్రాచలం వెళ్ళే పెళ్ళివారి లాంచీలో ఈ ఇద్దరు విఫలులు కలుస్తారు. తండ్రులెవరూ కర్రలు పట్టుకొని రారు, కులం ప్రస్తావన రాదు, డబ్బు సమస్య కాదు. ఉన్న అడ్డల్లా అతనికి తన మనసు ఎవరి మీద ఉందో తేల్చుకోవడం రాకపోవడం, ఆమెకు తాను రెండో ఎంపిక కావడం ఇష్టం లేకపోవడం. పెద్దలు కుదిర్చిన సంబంధానికి ముందు ఒకరినొకరు తెలుసుకోవాలని చూస్తున్న జంటకు ఇంతకంటే మంచి సినిమాను సూచించలేను. ఎందుకంటే ఇందులో మాట్లాడుకోవడమే ప్రేమ. పోట్లాట, ఎత్తిపొడుపు, అలక, మళ్ళీ మాట కలపడం, ఈ క్రమమంతా ఒకే లాంచీలో, తప్పించుకొనే దారి లేకుండా జరుగుతుంది.

దీనికి వ్యతిరేకంగా చెప్పవలసినదీ ఉంది. ఈ లాంచీ ఎక్కువగా హైదరాబాదు మనుషులను మోస్తుంది. డెల్టా జీవితం ఒడ్డున దూరంగా కనిపించి వెళ్ళిపోతుంది. లాంచీ నడిపేవాడు, బుడగలు అమ్మే కుర్రాడు వంటి పాత్రలు ఉన్నా అవి కథకు రుచి కోసం వచ్చినవే. మన నేలను చూడాలన్న తపనతో కూర్చునేవారికి కొంత వెలితి ఉంటుంది. నది అందాన్ని తెలుగు తెర మీద ఇంత తీరిగ్గా చూపిన సినిమా మాత్రం అరుదు.

అదే దారిలో అంతకు మూడు దశాబ్దాల ముందే లాంచీ నడిపినది బాపు 'అందాల రాముడు' (1973). భద్రాచల యాత్రకు బయలుదేరిన పడవలో సమాజంలోని రకరకాల మనుషులను ఎక్కించి, వారి మధ్య రాముడు, సీతల కథ నడిపారు. ముళ్ళపూడి వెంకటరమణ మాటల్లోని చమత్కారం ఇప్పటికీ వాడలేదు. ప్రేమకథగా చూస్తే బలహీనం, ప్రయాణంగా చూస్తే పసందు. ఇంటిల్లిపాదీ కూర్చునే రోజుకు ఇది సరైనది.

'ఏప్రిల్ 1 విడుదల' (1991) మరీ చిన్న ఆలోచన మీద నిలబడింది: ప్రేమించిన అమ్మాయి కోసం అబద్ధాలకోరు కొంతకాలం నిజం తప్ప మాట్లాడకూడదు. రాజేంద్రప్రసాద్, శోభన జంట, రాజమండ్రి వీధులు, వంశీ దర్శకత్వం, ఎల్.బి. శ్రీరామ్ సంభాషణలు. యాస విషయంలో నా ఓటు దీనికే. ఇక్కడివాళ్ళు మాట్లాడుకుంటే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది, యాస మాట్లాడుతున్నట్టు ఉండదు. ప్రేమలో నిజాయితీ అనే పెద్ద విషయాన్ని ఇంత సరదాగా చెప్పడం వల్ల దాన్ని ఉత్త హాస్యచిత్రాల్లో కలిపేస్తారు. అది అన్యాయం.

'ఉయ్యాల జంపాల' (2013) బావామరదళ్ళ పోట్లాట. రాజ్ తరుణ్, అవికా గోర్ తేలికగా నటించారు, ఊరు కూడా ఊరిలాగే ఉంది. మేనరికం ప్రేమకథలంటే ఇష్టం లేనివారు దీన్ని వదిలేయవచ్చు, మిగతావారికి ఒక మధ్యాహ్నం హాయిగా గడిచిపోతుంది. వంశీయే తీసిన 'గోపి గోపిక గోదావరి' (2009)లో గోదావరి మీద పడవలో వైద్యం చేసే డాక్టరుకూ హైదరాబాదులోని గాయకుడికీ ఫోనులో పరిచయం పెరుగుతుంది. పాటల కోసం చూడవచ్చు, అంతకుమించి నొక్కి చెప్పను.

## పెళ్ళే అడ్డైన కథ

'మేఘసందేశం' గురించి కొంచెం ఎక్కువగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే దీన్ని తప్పుడు ప్రేక్షకుల ముందు పెట్టడం చాలా తేలిక. 'ఆకాశ దేశాన' విని, ఇంత మంచి పాట ఉన్న సినిమా కదా అని కొత్త దంపతులు కూర్చుంటారు. కథ చూస్తే, ఊళ్ళో గౌరవం ఉన్న మనిషి, కవి హృదయం ఉన్నవాడు, ప్రేమించే భార్య (జయసుధ), పిల్లలు ఉన్నవాడు, కళావంతుల ఇంటి నర్తకి పద్మ (జయప్రద)లో తన కవిత్వానికి శ్రోతను కనుగొంటాడు. దాసరి నారాయణరావు ఈ కథలో ఎవరినీ దుర్మార్గులుగా చూపలేదు. భార్య తప్పు లేదు, పద్మ తప్పూ లేదు, ఆ మనిషిని తప్పు పట్టబోతే అతని ఒంటరితనం అడ్డు వస్తుంది. అందుకే ఇది చూశాక ఎవరి పక్షం వహించాలో తోచక మౌనంగా లేస్తాం.

పెళ్ళయి ఇరవై ఏళ్ళు దాటిన దంపతులకు నేను ఈ సినిమానే సూచిస్తాను. ఇద్దరి మధ్య ప్రేమ లేకపోవడం వేరు, ఒకరి మనసులోని మాట రెండోవారికి అందకపోవడం వేరు. ఈ తేడాను తెలుగు సినిమా ఇంత ఓపికగా చూపిన సందర్భాలు తక్కువ. జయసుధ పాత్రను పతివ్రతా కథల మూసలో పోయకుండా, తన లోటు ఏమిటో తానే గ్రహించే మనిషిగా చూపారు. దీనిలో నాకు నచ్చనిది కూడా అక్కడే ఉంది. అర్థం చేసుకోవలసిన బాధ్యత చివరికి ఇద్దరు ఆడవారి మీదే పడుతుంది, అతనికి కవిగా ఉండే వెసులుబాటు దొరుకుతుంది. ఇది ఆ కాలపు దృష్టి అనుకొని సరిపెట్టుకోవడం కంటే, దాని గురించి ఇద్దరూ మాట్లాడుకోవడమే ఆ సినిమాకు న్యాయం.

పిఠాపురం దగ్గరి చంద్రంపాలెంలో పుట్టిన దేవులపల్లి కృష్ణశాస్త్రి 1980లో కన్నుమూశారు. 'ఆకులో ఆకునై', 'ముందు తెలిసెనా ప్రభూ' వంటి ఆయన గీతాలు రెండేళ్ళ తరువాత ఈ సినిమాలో వినిపించాయి. రమేష్ నాయుడు సంగీతానికి, ఏసుదాసు, పి. సుశీల గానానికి జాతీయ పురస్కారాలు వచ్చాయి. కథ నచ్చనివారు కూడా పాటల కోసం కూర్చోవచ్చు, అయితే పాటలు మాత్రమే విడిగా వింటే వాటి వెనుక ఉన్న ఇల్లాలు కనిపించదు.

## కులం అడ్డు నిలిచిన కథలు

'ఉప్పెన', 'అంబాజీపేట మ్యారేజి బ్యాండు', రెండూ ఈ ప్రాంతపు కథలే, రెండింటిలో అబ్బాయిది కింది కులం, అమ్మాయిది ఊళ్ళో పెత్తనం ఉన్న ఇల్లు. ఏదో ఒకటే చూడాలనుకునేవారికి రెండింటి మధ్య తేడా తెలియాలి.

బుచ్చిబాబు సానా తీసిన 'ఉప్పెన' కాకినాడ పక్కన ఉప్పాడ తీరంలోని మత్స్యకారుల కుర్రాడి కథ. అంటే నది డెల్టాను దాటి సముద్రపు అంచుకు వచ్చేశాం. కెరటాలు ఏటేటా ఒడ్డును కోసేస్తున్న ఊరు అది, కథలోనూ భద్రత అనేది ఎక్కడా ఉండదు. తొలి సగం కళ్ళకు పండుగ, దేవిశ్రీ ప్రసాద్ పాటలు ఊరూరా మోగాయి. అమ్మాయి తండ్రిగా విజయ్ సేతుపతి, పరువును ప్రాణం కంటే ఎక్కువగా చూసే మనిషిని చూపినప్పుడు, గొంతు పెంచకుండానే వణుకు పుట్టించాడు. ఆ తరువాత కథ తీసుకునే మలుపు మాత్రం చాలా క్రూరమైనది, చిన్నపిల్లలతో చూడదగినది కాదు. చివర్లో ఆ అమ్మాయి తండ్రితో మాట్లాడే మాటల కోసమే ఈ కథ రాసుకున్నారని అనిపిస్తుంది. తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ పురస్కారం వచ్చిందన్నది నిజమే. కానీ ఇంట్లో ఒప్పుకోని ప్రేమలో ఉన్న జంటకు దీన్ని 'మీ కథే' అని చూపించేవారిని నేను సమర్థించను. వారికి కావలసింది భయం కాదు.

దుష్యంత్ కటికినేని తీసిన 'అంబాజీపేట మ్యారేజి బ్యాండు'ను అటువంటివారికి చూపవచ్చు. మంగలి పని చేస్తూ, పెళ్ళిళ్ళకు బ్యాండు వాయించే మల్లి (సుహాస్), ఊరందరికీ అప్పులిచ్చే పెద్దమనిషి చెల్లెలు లక్ష్మి (శివాని నాగరం) ప్రేమించుకుంటారు. అంబాజీపేట అంటే కొబ్బరి వ్యాపారం, అప్పులు, వడ్డీలు, ఎవరు ఎవరికి బాకీ అన్నదాన్ని బట్టి నడిచే మర్యాదలు. ఆ లెక్కలు తెలిసినవారు రాసిన కథలా ఉంటుంది. సగం దాటాక ఇది ప్రేమకథగా ఉండడం మానేసి, మల్లి అక్క పద్మ (శరణ్య ప్రదీప్) తన గౌరవం కోసం నిలబడే కథ అవుతుంది. కొందరు దీన్ని లోపంగా చెబుతారు. ప్రేమ వ్యవహారం ఇద్దరిదే అయినా దాని ధర కుటుంబంలో ఇంకెవరో చెల్లిస్తారన్న సంగతిని మన ప్రేమకథలు సాధారణంగా దాటవేస్తాయి. ఇది దాటవేయలేదు. నేను దీన్ని లోపం అనుకోను, ఆ సినిమా చూడడానికి ఉన్న ముఖ్య కారణం అదే అనుకుంటాను.

అందంగా చూపడం, పాటలు, నటుల ఆకర్షణ కావాలంటే 'ఉప్పెన'. ఊరు ఎలా నడుస్తుందో తెలియాలంటే, చూశాక పిల్లలతో మాట్లాడాలంటే 'అంబాజీపేట'.

## పెళ్ళి తరువాతి ప్రేమ

'స్వాతిముత్యం' (1986)లో ముందు తాళి, తరువాత ప్రేమ. లోకం తెలియని శివయ్య (కమల్ హాసన్), బిడ్డతో మిగిలిన యువ వితంతువు లలిత (రాధిక) మెడలో తాళి కడతాడు. కె. విశ్వనాథ్ దీన్ని జాలి కథగా కాక, ఆమె క్రమంగా అతన్ని గౌరవించడం నేర్చుకునే కథగా మలిచారు. అడిగి కట్టని తాళి గురించి నేటి ప్రేక్షకురాలు ప్రశ్నిస్తే ఆ ప్రశ్న సబబే.

'శతమానం భవతి' (2017) ఆత్రేయపురంలో నడుస్తుంది. శర్వానంద్, అనుపమా పరమేశ్వరన్ జంటగా ఉన్నా, నాకు అది ప్రకాశ్ రాజ్, జయసుధ పోషించిన ముసలి దంపతుల ప్రేమకథే. విదేశాల్లోని పిల్లలను సంక్రాంతికి రప్పించడానికి తాతగారు వేసిన ఎత్తు కొంత అతిగా ఉన్నా, పండుగ రోజు పూతరేకులు పంచుకుంటూ మూడు తరాలు కలిసి చూడడానికి దీనికి మించినది లేదు. కడుపు నిండిన మనుషులకు పెద్దగా పరీక్ష పెట్టదు.

## ఎవరికి ఏది

హైదరాబాదులోనో, బెంగళూరులోనో ఉంటూ ఊరి మీద బెంగతో సినిమా వెతికేవారు 'గోదావరి' వైపు చూస్తారు. వారికి నిజంగా కావలసింది కాలువ గట్లు, పెరటి కొబ్బరిచెట్లు, అరుగు మీది కబుర్లు అయితే 'శతమానం భవతి'గాని, 'ఉయ్యాల జంపాల'గాని, కొంచెం చేదు తట్టుకోగలిగితే 'అంబాజీపేట'గాని ఎంచుకోవడం మేలు. సినిమాలో చూసిన చోట్లను తరువాత స్వయంగా చూడాలనుకునేవారికి ఒక సూచన: ఎన్నో సినిమాల్లో కనిపించిన కుమారదేవం నిద్రగన్నేరు చెట్టు, అందరూ సినిమా చెట్టు అని పిలుచుకున్నది, 2024 ఆగస్టులో కూలిపోయింది. దాని నీడలో ఫొటో దిగుదామని కొవ్వూరు దాకా వెళ్ళే ముందు ఈ సంగతి తెలిసి ఉండాలి.

అమ్మమ్మ, మనవరాలు ఇద్దరే ఉన్న సాయంత్రానికి 'మూగమనసులు' సరిపోతుంది, కాకపోతే మనవరాలు పదహారు దాటి ఉండాలి, అమ్మమ్మ మధ్యమధ్య ఆపి చెప్పే మాటలు వినే ఓపిక ఉండాలి. ఆ కాలంలో వితంతువు పువ్వు పెట్టుకుంటే ఏమయ్యేదో సినిమా కంటే ఆమే బాగా చెబుతుంది.

పెళ్ళికి ముందున్నవారికి 'గోదావరి', దాని జోడీగా 'ఏప్రిల్ 1 విడుదల'. ముందు నవ్వించేది చూసి తరువాత నిదానంగా సాగేది చూడండి. తిరగేస్తే రెండోది చప్పగా అనిపిస్తుంది. నడివయసువారు 'మేఘసందేశం'ను ఇంట్లో చుట్టాలు లేని రోజు, ఇద్దరే ఉన్నప్పుడు చూడాలి. దాని పక్కన వేరే సినిమా పెట్టకండి, అదే రాత్రి ఇంకొకటి చూసే ఓపిక మిగలదు. కులం గురించిన రెండింటిలో 'ఉప్పెన'ను ముందు చూస్తే 'అంబాజీపేట' గొంతు చిన్నగా వినబడుతుంది కాబట్టి, రెండూ చూడదలచినవారు 'అంబాజీపేట'తోనే మొదలుపెట్టి, రెండోదానికి కనీసం వారం వ్యవధి ఇవ్వడం మంచిది.